బారువలో బకింగ్‌హాం

మొన్న వైశాఖంలో మా పెద్దమ్మ మనవడి పెళ్లి. శుభలేఖ కంటే ముందు ఫోన్లోకి ఇంకో కార్డు దిగింది. నాలుగు మూలలా పసుపు లేదు, పైన వినాయకుడు లేడు. పెయింట్ల కొట్టులో గోడకి రంగు ఎంచుకోమని చేతికిస్తారే, అలాంటి రంగుల పట్టీ ఒకటి ఉంది. హల్దీకి పసుపు. మెహందీకి ఆకుపచ్చ. సంగీత్‌కి పేస్టల్. ముహూర్తానికి ట్రెడిషనల్. రిసెప్షన్‌కి రాయల్. కింద చిన్న అక్షరాల్లో, అతిథులు సహకరించ ప్రార్థన.

పేస్టల్ అంటే ఏ రంగో మా పెద్దమ్మకి చెప్పేసరికి అరగంట పట్టింది. చివరికి, ఉతికి ఉతికి వెలిసిపోయిన రంగు అన్నాను. "అలాటియ్యయితే నా పెట్టి నిండా అయ్యే ఉన్నాయి కద నాయినా" అంది నిశ్చింతగా.

రాయల్ దగ్గర మాత్రం నేనే తడబడ్డాను. రాయల్ అంటే ఏ రాజు? మాది బారువ. మహేంద్రతనయ వచ్చి సముద్రంలో కలిసే చోటు. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు, ఇప్పుడు ఒక లైట్‌హౌసు, ఒక పొడవాటి ఇసుక తిన్నె, లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు. చుట్టుపక్కల రాజులకేం కరువు లేదు. ఒకప్పుడు మందస రాజావారుండేవారు, టెక్కలి జమీందార్లుండేవారు, కొండ దిక్కుకి పోతే పర్లాకిమిడి మహారాజావారుండేవారు. ఇందులో ఎవరి వేషం కట్టాలి? పెళ్లికొడుకునే ఫోన్ చేసి అడిగాను. వాడు బెంగళూరులో సాఫ్టువేరు. "వాళ్లెవరూ కాదు చిన్నాన్నా, లండన్ టైపు" అన్నాడు. దాంతో లండన్ టైపు ఏమిటో తెలుసుకోవాల్సిన ఖర్మ పట్టింది నాకు.

తెలుసుకుంటే నవ్వొచ్చింది. 2011 ఏప్రిల్ 29న వెస్ట్‌మినిస్టర్ ఆబేలో అప్పటి బ్రిటన్ రాణి ఎలిజబెత్ మనవడు విలియం పెళ్లాడాడు. వచ్చిన అతిథులు సుమారు 1,900 మంది. ఆహ్వానం మీద దుస్తుల గురించి ఉన్నది ఒకే ఒక్క ముక్క: యూనిఫాం, మార్నింగ్ కోటు, లేదా మామూలు సూటు. అంతే. ప్రపంచంలో బోలెడు దేశాలని ఏలిన ఇంటి పెళ్లికి ఒక ముక్క సరిపోయింది. మా సోంపేట మండలంలో పెళ్లికి అయిదు రంగులూ, రెండు పేజీలూ, ఒక సహకరించ ప్రార్థన కావాల్సొచ్చాయి!

ఆ పెళ్లిలో ఆడవాళ్లు టోపీలు పెట్టుకున్నారు. పగటి పెళ్లికి టోపీ, చీకటి పడ్డాక కిరీటం, అది అక్కడి మర్యాద. బియాట్రిస్ అనే రాకుమారి నెత్తిన మెలికలు తిరిగిన జంతికలాంటిదొకటి పెట్టుకొచ్చింది. లోకమంతా నవ్వింది. ఆవిడేమీ చిన్నబుచ్చుకోలేదు. దాన్ని వేలం వేస్తే 81,100 పౌన్లు పలికింది, ఆ డబ్బు పిల్లల సేవకి ఇచ్చేసింది. మా ఊళ్లో రిసెప్షన్‌కి కట్టిన రాయల్ తలపాగా మర్నాడు పొద్దున పది లోపు వాపసివ్వకపోతే రెండో రోజు అద్దె పడుతుంది. రెండు రాజరికాలకీ ఉన్న తేడా అది.

టోపీ అంటే గుర్తొచ్చింది. మా వైపు కూడా నెత్తికి ఒకటుంది. తాటాకుతో అల్లింది, వానకీ ఎండకీ పొలంలో పనికొచ్చేది. దాని పేరు గిడుగు. ఆ పేరే ఇంటిపేరైన పెద్దమనిషి ఒకాయన పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా పనిచేస్తూ, తెలుగు రాయాలంటే గ్రాంథికం కోటు తొడుక్కోవాల్సిందే అన్న పండితులతో జీవితాంతం పోట్లాడాడు. ఇంట్లో మాట్లాడే బట్టలతోనే భాష బయటికి రావచ్చని గెలిచి చూపించాడు. గిడుగు రామమూర్తి గారు భాషకి విప్పించిన కోటుని మేం వైశాఖం ఎండలో పెళ్లికొడుక్కి తొడిగాం. ముఖమల్ షేర్వాణీ, లోపల అస్తరు, మెడ దాకా గుండీలు. సముద్రం మీంచి ఉప్పుగాలి. వాడి చెవి వెనక నుంచి చెమట కారి కాలరు మీద తెల్లటి ఉప్పు చార కట్టింది. బారువలో ఉప్పు పండుతోందని పక్కనున్న బావగారు మురిసిపోయాడు.

హల్దీ సంగతి చెప్పాలి. మా ఇళ్లల్లో దాన్ని పెళ్లికొడుకుని చెయ్యడం అంటారు. అనేవారు. నలుగు పెట్టి, మంగళస్నానం చేయించి, కొత్త బట్టలివ్వడం. ఆ పూట పెద్దవాళ్లంతా పాత చీరలు కట్టుకునేవారు, మరకలు పడతాయి గనక. తెలివైన డ్రెస్ కోడ్ అంటే అదీ. పసుపు మా పెరట్లోనే పుట్టింది, బొంబాయి సినిమాల్లోకి వెళ్లింది, పేరు మార్చుకుని హల్దీగా తిరిగొచ్చింది. వస్తూ వస్తూ ఒక డెకరేషన్ వాణ్ణి, రెండు బస్తాల బంతిపూల రెక్కల్ని, ఒక డ్రోన్‌ని వెంటబెట్టుకొచ్చింది.

మా పెద్దమ్మ తెల్లవారుజామున లేచి, పసుపు కొమ్ములు రోట్లో వేసి తనే దంచింది. డెబ్బై దాటిన చేతులు. దంచి, జల్లించి, ఇత్తడి గిన్నెలో కలిపి, తన ఊదారంగు నేత చీరతోనే పట్టుకొచ్చింది. విశాఖపట్నం నుంచి వచ్చిన ఈవెంటు పిల్ల చెవిలో తీగ, చేతిలో పలక పట్టుకుని అడ్డం పడింది.

"ఆంటీ, ఫ్రేమ్ డిస్టర్బ్ అవుతుంది. ఎల్లో కట్టుకున్నవాళ్లే ముందుకి రావాలి. మీరు కొంచెం బ్యాక్‌కి వెళ్లండి ప్లీజ్."

"ఓలమ్మా, సీర పసుపు కాదు గానీ పసుపు నానే దంచినాను పిల్లా" అంది పెద్దమ్మ.

ఆ పిల్ల గిన్నె అందుకుంది, పెద్దమ్మని పంపించేసింది. ఆల్బంలో ఇప్పుడు ఆ గిన్నె ఉంది. ఇత్తడి కదా, రంగు కలిసింది.

మన పాత పద్ధతులేవో పవిత్రమైనవనీ, ఇప్పుడే చెడిపోయామనీ చెప్పడానికి నేను రాలేదు. పెదనాన్న పోయిన నాటి నుంచి మా పెద్దమ్మని ఏ శుభకార్యంలోనూ పందిట్లో ముందుకి పిలవలేదు. అదీ డ్రెస్ కోడే, మనం గీసిందే, నూటికి నూరుపాళ్లు ట్రెడిషనల్. పాత గీత ఒకటి చెరిపెయ్యడానికి ఇంతమంది చదువుకున్న పిల్లలకి తీరిక దొరకలేదు. దాని పక్కనే పసుపురంగుతో ఇంకో గీత గీశారు.

ఇక తెలుపు సంగతి. లండన్ టైపు పెళ్లంటే తెల్ల గౌనని ఆ పిల్లల నమ్మకం. ఆదీ అంతం లేని ఆచారమన్నట్టు మాట్లాడతారు. విక్టోరియా రాణి 1840 ఫిబ్రవరి 10న తెల్లగౌనుతో పెళ్లాడేదాకా రాచకూతుళ్లు వెండి జరీ, బంగారు జరీ, ఇష్టమొచ్చిన రంగూ కట్టుకునేవారు. ఆవిడ తెలుపు ఎంచుకోవడంలో ఒక లెక్కుంది. డెవన్ తీరంలో చేత్తో లేసు అల్లే ఆడవాళ్లు యంత్రాల దెబ్బకి పని లేక కూర్చున్నారు. వాళ్ల హోనిటన్ లేసు నలుగురి కంటా పడాలంటే తెల్లటి పట్టు మీద వెయ్యాలి. రాణి పెళ్లిబట్ట సముద్రపుటొడ్డున ఉన్న చేతిపని వాళ్లకి కూడు పెట్టింది.

మనకి తెలుపు కొత్తేమిటండీ? మధుపర్కాలంటే ఏమిటి? తెల్లటి నూలు బట్ట, ఎర్రంచు, కొసలకి పసుపు. విక్టోరియా ముత్తవ్వ పుట్టకముందు నుంచీ మా పెళ్లికూతుళ్లు తెలుపులోనే పీటల మీద కూర్చున్నారు. ఆ తెలుపు ఎక్కడ దొరుకుతుందో కూడా చెబుతాను. మా జిల్లాలోనే పొందూరు ఉంది. వాలుగ చేప దవడ ఎముక తీసుకుని, దాని సన్నటి పళ్లతో పత్తిని దువ్వి, చేత్తో వడికి, చేత్తో నేస్తారు. చేప పళ్లతో దువ్విన నూలు! లండన్లో ఎవరికైనా ఇది ఉండి ఉంటే మ్యూజియంలో పెట్టి టిక్కెట్టు అమ్మేవారు. మా పెళ్లికొడుకు మధుపర్కాలు ఏవో తెలుసా? పాలియెస్టరు. కవరు మీద 'రాయల్ కలెక్షన్' అని బంగారు అక్షరాలు.

రాచపెళ్లికి ఖద్దరు వెళ్లిన ముచ్చట కూడా ఒకటుంది. 1947 నవంబర్ 20న ఆ ఎలిజబెత్ రాణిగారి పెళ్లి. మనకి స్వాతంత్ర్యం వచ్చి మూడు నెలలు. గాంధీగారు తను స్వయంగా వడికిన నూలుతో అల్లిన చిన్న గుడ్డని, మధ్యలో జై హింద్ అని అల్లించి, మౌంట్‌బాటెన్ చేత కానుకగా పంపించారు. పెళ్లికూతురి నాయనమ్మ మేరీ రాణి దాన్ని చూసి గోచీగుడ్డ అనుకుని బెంబేలెత్తిపోయిందట. పదహారేళ్ల ముందు, 1931లో, ఆవిడ ఇంటికే ఈయన అంగవస్త్రంతో, మోకాళ్ల పైకి పంచెతో తేనీటికి వెళ్లారు. ఆ బట్టలతో రాజు ముందుకి వెళ్లారా అని ఎవరో అడిగితే, మా ఇద్దరికీ సరిపడా ఆయనే తొడుక్కున్నారు కదా అన్నారని చెప్పుకుంటారు. డ్రెస్ కోడ్‌కి ఇంతకంటే మంచి జవాబు నేను వినలేదు. మా పెళ్లి కార్డుకి ఆ జవాబు రాసి పంపాలనుకున్నాను. చినమ్మాయి ఫోను లాక్కుంది.

అదే ఎలిజబెత్ పెళ్లిలో బట్టకి రేషను. యుద్ధం అయిపోయినా కూపన్లు పోలేదు. దేశంలో ఆడవాళ్లు తమ కూపన్లు రాకుమారికి పోస్టులో పంపించారు. ఒకరి కూపను ఇంకొకరు వాడటం నేరం కాబట్టి వాటిని తిరిగి పంపేశారు. పెళ్లి పూట తలకి పెట్టుకుంటుండగా కిరీటం పుటుక్కున విరిగింది. పోలీసుల్ని వెంటబెట్టి కంసాలి దగ్గరికి పరిగెత్తించి అతికించుకుని పెట్టుకుంది. విరిగింది అతికించుకుని పెట్టుకోవడం రాణితనం. మా ఇంట్లో రిసెప్షన్ గౌను జిప్పు పోతే పలాస నుంచి ఇంకో గౌను కారులో వచ్చింది.

ఇంతకీ నేను కళ్లారా చూసిన అసలు వేడుక ముహూర్తం కాదు, దానికి వారం ముందు బీచిలో జరిగిన షూటింగు.

సాయంత్రం నాలుగున్నర. ఒడ్డున పడవలు, సరుగుడు తోపు నీడ, వలలు ఏరుకుంటున్న మనుషులు. అందులోకి మా కాబోయే కోడలు ఎర్రటి గౌనులో దిగింది. ఆ గౌనుకి తోకుంది. డయానా 1981లో పెళ్లాడినప్పుడు గౌను తోక 25 అడుగులు. సముద్రం మీదికి వెళ్లేవాళ్ల లెక్కలో నాలుగు బారల పైమాట. గాజు బండిలో కుక్కితే పాపం ఆ బట్టంతా నలిగి ముడతలు పడింది. మా కోడలి తోక అంతకి తక్కువేం లేదు. కాకపోతే డయానా తోక నేల మీద పాకింది, ఇది గాల్లో ఎగరాలి. దానికోసం ఒక కుర్రాణ్ణి పెట్టారు. వాడి పని ఏమిటంటే, తోక కొస రెండు చేతులా పట్టుకుని కెమెరా వాడు 'వన్ టూ' అనగానే పైకి విసిరి, 'త్రీ' అనేలోగా ఫ్రేములోంచి పారిపోవడం. గాలి తూర్పు నుంచి కొడుతోంది. విసిరిన ప్రతిసారీ తోక వెనక్కి తిరిగి ఆ కుర్రాడి మొహానికే చుట్టుకుంటోంది. పదకొండు సార్లు లెక్కపెట్టాను. పన్నెండోసారి వాడు పరిగెత్తబోయి తోకతో సహా ఇసుకలో బోర్లా పడ్డాడు. పెళ్లికూతురు వెనక్కి ఒరిగింది, పెళ్లికొడుకు పట్టుకున్నాడు, కెమెరావాడు 'సూపర్, సూపర్, అలాగే ఉండండి' అని అరిచాడు. ఇప్పుడు ఇంటి గోడ మీద ఉన్న పెద్ద ఫోటో అదే. చూసినవాళ్లంతా ఎంత ప్రేమో అంటున్నారు.

మధ్యలో కెమెరావాడికి ఒక పడవ అడ్డొచ్చింది.

"బాబాయ్, ఆ పడవ కొంచెం ఫ్రేమ్‌లోంచి పక్కకి తీస్తారా?"

వల కుట్టుకుంటున్న ముసలాయన తలెత్తకుండానే అన్నాడు: "పడవ తియ్యాలంటే పది మంది కావాల బాబూ. నీ కెమెరా తిప్పుకోడానికి నువ్వొక్కడివే సాల్దువు."

మర్నాడు వాళ్లకి పల్లెటూరి లుక్ కావలసొచ్చింది. అదే పడవ దగ్గరికి వచ్చి, అదే ముసలాయన్ని, అటు తిరిగి నిలబడండి బాబాయ్, మొహం కనపడకుండా, అన్నారు.

యూరప్ రాజుల్ని చూసి నేర్చుకుంటున్నాం అనుకుంటాం గానీ, వాళ్లకీ మన జబ్బే ఉందని తెలిసి కొంచెం ఊరట కలిగింది. స్వీడన్‌లో వధూవరులు చర్చిలోకి పక్కపక్కన నడిచి రావడం ఆనవాయితీ. 2010లో ఆ దేశపు యువరాణి విక్టోరియా, సినిమాల్లో చూసినట్టు తండ్రి చెయ్యి పట్టుకుని వస్తానంది. ఆర్చిబిషప్పు ఇది మన పద్ధతి కాదన్నాడు, పత్రికల్లో రచ్చయింది. చివరికి తండ్రి సగం దూరం నడిపించాడు, మిగతా సగం పెళ్లికొడుకుతో నడిచింది. రాజ్యం ఉన్నవాళ్లే సినిమా చూసి మారాం చేస్తే, మూడెకరాల జీడితోట ఉన్నవాడిని ఏమనగలం?

అయితే వాళ్ల దగ్గర నిజమైన కట్టుబాటొకటి చూశాను. దాన్ని మాత్రం మన ఈవెంటు వాళ్లెవరూ ప్యాకేజీలో పెట్టరు. 2002లో నెదర్లాండ్స్ యువరాజు అర్జెంటీనా అమ్మాయిని చేసుకున్నాడు. ఆ అమ్మాయి తండ్రి అక్కడి సైనిక నియంతల ప్రభుత్వంలో మంత్రిగా చేసినవాడు. నువ్వు పెళ్లికి రావడానికి వీల్లేదన్నారు. సొంత కూతురి పెళ్లి. రాలేదు. చర్చిలో ఆ పిల్ల కన్నీళ్లు తుడుచుకోవడం లోకమంతా చూసింది. మా పెళ్లిలో ముందు వరస సోఫాలో ఎవరు కూర్చున్నారో చెప్పను. వంశధార ఇసుక ఎటు పోయిందో తెలిసిన పెద్దమనిషి అని ఊరుకుంటాను. తెల్లటి లినెన్ చొక్కా వేసుకొచ్చాడు. కార్డులో రాయల్ అని ఉన్నా ఈవెంటు పిల్ల ఆయన్ని బ్యాక్‌కి వెళ్లండి అనలేదు.

బ్యాక్‌కి వెళ్లినవాడు ఇంకొకడున్నాడు. పెళ్లికూతురి మేనమామ. మా ఉద్దానం ప్రాంతం మనిషికి కిడ్నీ జబ్బు గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. వారానికి మూడు రోజులు డయాలసిస్. ఎడమ చేతికి ఫిస్టులా ఉంది, దాని మీద బిగుతు బట్ట వెయ్యకూడదని చెప్పారు. మేనమామల డ్రెస్ కోడేమో బిగుతు చేతుల బంద్‌గలా కోటు, అందరికీ ఒకే కొలత. ఆయన పెద్ద చేతుల పాత చొక్కా తొడుక్కొచ్చి, బుట్ట పట్టాల్సిన చేత్తో మంచినీళ్ల సీసా పట్టుకుని, తాగకుండా, చివరి వరసలో కూర్చున్నాడు. ఆయనకి నీళ్లు కూడా లెక్కే.

రాత్రి రిసెప్షన్‌లో స్టేజీ మీద రెండు సింహాసనాలు. టెంట్ హౌసు నుంచి వచ్చాయి. ఎర్ర ముఖమల్, బంగారు రంగు, చేతుల చివర సింహం తలలు. ఒక సింహానికి ముక్కు ఊడి లోపలి ఫైబరు కనిపిస్తోంది. కానుకివ్వడానికి స్టేజీ ఎక్కినవాణ్ణి వెనకనుంచి దిగుతూ చూశాను. సింహాసనం వీపు మీద నల్ల పెయింటుతో 'నెం. 7' అని, దాని కింద ఎవరిదో ఫోన్ నంబరు. ముందు నుంచి రాజు, వెనక నుంచి నెంబరు. పెళ్లికొడుకు నడుముకి కత్తి వేలాడుతోంది. ఒరలోంచి రాదు, అంతా ఒకే పోత.

పెద్దమ్మ అప్పుడు నా పక్కన కూర్చుని ఉంది. చాలాసేపు చూసి మెల్లగా అంది: "మీ తాత మందస రాజు మీద రైతు సంగంలో తిరిగినోడు. ఈడేటి ఈ యేసం?"

1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. జమీందారీ పోవాలన్న మాట మా జీడితోటల్లో గట్టిగా వినపడింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారు అడవిలో కలప కొట్టుకున్నారని రైతుల్ని పట్టుకుపోవడానికి పోలీసులు గుడారి రాజమణిపురం వచ్చారు. ఊరు అడ్డం తిరిగింది. తుపాకులు పేలాయి. ముందు నిలబడ్డ గున్నమ్మ అనే ఆమె అక్కడే పడిపోయింది. ఆవిడతో పాటు ఇంకొందరు. జమీందారీలు 1948 చట్టంతో పోయాయి. రాజు దిగిపోవడానికి అంత ఖర్చయింది. ఆ రాజునే మళ్లీ ఎక్కించడానికి రోజుకింత అద్దె కడుతున్నాం, ముక్కు ఊడిన సింహంతో సహా.

సరే, కాపీ కొట్టకుండా ఉండలేరు. కొట్టండి. కొట్టేదేదో ఇది కొట్టండి. 1923లో ఎలిజబెత్ బోస్ లయాన్ అనే పిల్ల రాజుగారి కొడుకుని చేసుకోవడానికి వెస్ట్‌మినిస్టర్ ఆబేలోకి వస్తూ, పేరు తెలియని సైనికుడి సమాధి మీద తన చేతిలో పువ్వుల గుత్తి పెట్టేసింది. ఆవిడ అన్న ఫెర్గస్ 1915లో యుద్ధంలో పోయాడు. చర్చిలోకి ఒట్టి చేతులతో నడిచింది. అప్పటి నుంచి ఆ ఇంటి పెళ్లికూతుళ్ల పువ్వులు ఆ సమాధికే వెళుతున్నాయి. విండ్సర్‌లో పెళ్లయినా పంపిస్తారు. అద్దె లేదు, రంగుల పట్టీ లేదు.

వచ్చే మాఘంలో మా చినమ్మాయి పెళ్లి. డ్రెస్ కోడ్ ఏమిటని బంధువులు ఇప్పటి నుంచే అడుగుతున్నారు. ఉన్నది కట్టుకు రండి. పసుపు మా పెద్దమ్మ దంచుతుంది, ఆవిడే మొదట పెడుతుంది, ఏ రంగు చీరతోనైనా. తాళి కట్టాక పూలదండలు రెండూ గుడారి రాజమణిపురం వెళతాయి. ఊరు మందస మండలంలోనే ఉంది, ఆటోలో వెళ్లొచ్చు.